ప్రశ్నలు – జవాబులు: చిన్న డిజైన్ స్టూడియోలో పని

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం నలుగురైదుగురు కలిసి నడిపే చిన్న డిజైన్ సంస్థలలో పనిచేస్తున్నవారు రాసినవి. నేను ఇరవై ఏళ్లకు పైగా అటువంటి చోట్లనే, మొదట డిజైనర్‌గా, తరువాత స్టూడియో బాధ్యత మోసే మనిషిగా గడిపాను కనుక వీటిని సాటి పనివారి ఉత్తరాలుగానే చదివాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాను. పేర్లు వద్దన్నవారు ఉన్నందువల్ల ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఐదుగురం ఉన్న స్టూడియోలో గ్రాఫిక్ డిజైనర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. ఒక క్లయింట్ లోగోను ఇప్పటికి పదకొండు సార్లు మార్పించారు. 'ఇంకాస్త కళగా ఉండాలి', 'లోగో పెద్దది చేయండి', 'ఎందుకో నచ్చలేదు' అంటారే తప్ప ఏమి కావాలో చెప్పరు. పదకొండోది పంపాక మొదటిదే బాగుందన్నారు. నా చేతికే తప్ప బుర్రకు పని లేదనిపిస్తోంది. ఈ వృత్తిలో అందరికీ ఇంతేనా?

జవాబు: మీ ఉత్తరంలో పదకొండు అన్న అంకె కన్నా 'ఏమి కావాలో చెప్పరు' అన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. లోగో ఎలా ఉండాలో చెప్పడం క్లయింట్ పని కాదు. తన వ్యాపారంలో ఏమి జరగాలని కోరుకుంటున్నారో చెప్పడం ఆయన పని, ఆ సంగతిని ఓపికగా అడిగి రాబట్టడం స్టూడియో పని. అది రాబట్టకుండా మొదటి గీత గీసినప్పుడే పదకొండు మార్పులకూ దారి తెరుచుకుంది. పని మొదలుపెట్టే ముందు బ్రీఫ్ ఒక పేజీ రాసుకున్నారా అని మీ స్టూడియో పెద్దను అడగండి. ఆ పేజీలో ఈ లోగో ఎవరి కళ్ల కోసం, వారు ఇప్పుడు ఈ సంస్థ గురించి ఏమనుకుంటున్నారు, చూశాక ఏమనుకోవాలి, లోగో ఎక్కడెక్కడ కనిపిస్తుంది, ఎంత చిన్న సైజులో వాడవలసి వస్తుంది, ఎన్ని విడతల మార్పులు ధరలోనే కలిసి ఉన్నాయి అన్నవి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, చివరి మాట ఎవరిదో ఉండాలి. నేను చూసినంతలో అంతులేని మార్పులకు మూలం ఎక్కువసార్లు ఈ చివరి సంగతిలోనే ఉంటుంది. మీతో మాట్లాడే మనిషి ఒకరు, నిర్ణయం తీసుకునే మనిషి మరొకరు అయినప్పుడు, ఆ మధ్యలో ప్రతి విడతకూ తలా ఒక మాట వచ్చి కలుస్తుంది.

'లోగో పెద్దది చేయండి' అన్న మాటను డిజైనర్లు అవమానంగా తీసుకుంటారు. నేనూ కొన్నేళ్లు అలాగే తీసుకున్నాను. ఒకసారి ఒకే క్లయింట్ మూడుసార్లు ఆ మాట అన్నాక, ఆ పోస్టరును ప్రింటు తీసి గోడకు అంటించి, పది అడుగుల దూరం నుంచి చూశాను. అక్షరాలలోని సన్నని గీతలన్నీ అంత దూరానికి మాయమైపోతున్నాయి, మందపాటి గీతలు మాత్రం పుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఆ మనిషి చెబుతున్నది పరిమాణం గురించి కాదని, పేరు చదవలేకపోతున్నానని చెబుతున్నారని అప్పుడు అర్థమైంది. సైజు ఒక్క మిల్లీమీటరు కూడా పెంచకుండా, సన్నని గీతలను కొంచెం మందం చేసి, చుట్టూ ఖాళీని దాదాపు రెట్టింపు చేసి పంపితే, 'ఇప్పుడు సరిగ్గా పెద్దదైంది' అని సంతోషించారు. క్లయింటుకు కనిపించే నొప్పి నిజమైనదే, ఆయన చెప్పే మందు మాత్రం సరైనది కాకపోవచ్చు. వైద్యుడు రోగి చెప్పిన మందును రాసివ్వడు, అలాగని నొప్పి లేదనీ అనడు.

ఇక మార్పు అన్నదే శత్రువు అనుకోకండి. న్యూయార్క్ రాష్ట్రం కోసం గుండె బొమ్మతో వచ్చిన ప్రసిద్ధమైన గుర్తును అమెరికా డిజైనర్ మిల్టన్ గ్లేజర్ 1970ల నడుమ తయారుచేశారు. ఆయన ముందు ఇచ్చిన డిజైన్‌కు ఆమోదం దొరికిన తరువాత, టాక్సీలో వెళ్తూ ఒక కాగితం ముక్క మీద ఇంకొక ఆలోచన గీసుకుని, ఒప్పుకున్నదాన్ని పక్కన పెట్టమని తానే అడిగారు. ఆ చిన్న స్కెచ్ ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. సమస్య ఇంకా బాగా అర్థమైనందువల్ల వచ్చే మార్పును ఎన్నిసార్లయినా చేయవచ్చు. ఎవరికీ ఏమీ అర్థం కాకుండా వచ్చే మార్పు దగ్గర మాత్రం చేతిని ఆపి, ఫోన్ తీసి, 'ఏది నచ్చలేదో కాదండీ, ఇది ఏ పని చేయడం లేదో చెప్పండి' అని అడగాలి.

ఎన్ని నమూనాలు చూపాలన్నది కూడా దీనితో ముడిపడిన సంగతే. 1986లో నెక్స్ట్ కంప్యూటర్ సంస్థ లోగో కోసం స్టీవ్ జాబ్స్ కొన్ని ప్రత్యామ్నాయాలు అడిగితే, పేరున్న డిజైనర్ పాల్ రాండ్ అందుకు ఒప్పుకోక ఒకే ఒక పరిష్కారాన్ని, అక్కడికి తాను ఎలా చేరుకున్నాడో అడుగడుగునా వివరించే చిన్న పుస్తకంతో సహా ఇచ్చాడు. అంత పలుకుబడి మనకు ఉండదు. కానీ ఆ పుస్తకం నుంచి నేర్చుకోవలసినది ఉంది. ఎనిమిది లోగోలను ఒక పేజీలో పేర్చి పంపితే చూసేవారికి ఇష్టాయిష్టాలు తప్ప వేరే కొలబద్ద ఉండదు. రెండే చూపి, రెంటి వెనకా ఉన్న ఆలోచనను నాలుగేసి వాక్యాలలో రాసి పంపితే, మాట ఆ ఆలోచన మీద నడుస్తుంది. మీ బుర్రకు పని దొరికే చోటు ఆ నాలుగు వాక్యాలే. ఈసారి ఆ వాక్యాలు నేనే రాస్తానని అడిగి తీసుకోండి.

ప్రశ్న: నేను కాపీరైటర్‌ని. మా దగ్గర డిజైన్ అంతా అయిపోయాక, 'ఈ పెట్టెలో నాలుగు లైన్లు పట్టేలా రాయండి' అని నాకు ఇస్తారు. రాసింది పట్టకపోతే తగ్గించమంటారు. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. ఇది చాలా పాత పద్ధతి, పెద్ద ఏజెన్సీలు కూడా ఒకప్పుడు ఇలాగే పనిచేసేవి. రాసేవారు ఒక గదిలో, బొమ్మ వేసేవారు మరొక గదిలో ఉండి, కాగితం ఒకరి నుంచి మరొకరికి వెళ్లేది. 1949లో న్యూయార్క్‌లో మొదలైన డోయల్ డేన్ బెర్న్‌బాక్ ప్రకటనల సంస్థలో, దాన్ని స్థాపించినవారిలో ఒకడైన బిల్ బెర్న్‌బాక్ రచయితనూ ఆర్ట్ డైరెక్టర్‌నూ మొదటి నుంచీ ఒకే బల్ల దగ్గర జంటగా కూర్చోబెట్టాడు. 1959లో ఫోక్స్‌వ్యాగన్ చిన్న కారు ప్రకటనలకు హెల్ముట్ క్రోన్ లేఅవుట్, జూలియన్ కోనిగ్ మాటలు ఇచ్చారు. పేజీ నిండా తెల్లని ఖాళీ వదిలి, మూలగా చిన్న కారు బొమ్మ పెట్టి, చిన్నదిగా ఆలోచించమని చెప్పిన ఆ ప్రకటనలో మాట ముందు పుట్టిందా, ఖాళీ ముందు పుట్టిందా అని ఎవరూ విడదీయలేరు. మాట తీసేస్తే ఖాళీకి అర్థం లేదు, ఖాళీ తీసేస్తే మాటకు బలం లేదు.

తెలుగులో ఈ తప్పు ఇంకా ఖరీదైనది. మీ డిజైనర్ ఆ పెట్టెను అర్థం లేని లాటిన్ అక్షరాలతో నింపి కొలిచి ఉంటారు. ఆ అక్షరాలకు కింద ఒత్తులు లేవు, పైన గుడులు లేవు. 'రాష్ట్ర', 'శాస్త్ర' వంటి మాటలలో ఒత్తు కింద ఒత్తు దిగుతుంది, పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, అప్పుడు వరుసల మధ్య దూరం పెంచక తప్పదు, పెంచితే నాలుగు వరుసలు పట్టిన చోట మూడే పడతాయి. అప్పుడు తగ్గించేది మీ వాక్యాన్ని. వచ్చే పనిలో డిజైనర్ కంప్యూటర్ తెరవకముందే, పూర్తిగా కుదరకపోయినా సరే, ఒక శీర్షికా నాలుగు చిత్తు వాక్యాలూ రాసి చేతికివ్వండి. పెట్టె కొలత వాటిని చూసి పుడుతుంది.

ప్రశ్న: నాకు బొమ్మలు గీయడం రాదు. డిజైనర్ కాగలనా?

జవాబు: కాగలరు. అచ్చు గుద్దినట్టు ముఖాలు గీయనవసరం లేదు. కానీ ఆలోచనను పెన్సిలుతో అరనిమిషంలో ఎదుటివారికి అర్థమయ్యేలా చూపడం మాత్రం నేర్చుకోండి. కంప్యూటర్ మీద మొదలుపెట్టినవారు మొదటి ఆలోచననే నున్నగా తీర్చిదిద్దుతూ సగం రోజు గడిపేస్తారు. కాగితం మీద అదే సమయంలో ముప్పై ఆలోచనలు గీసి, ఇరవై తొమ్మిది కొట్టేయవచ్చు.

ప్రశ్న: మేము ముగ్గురు స్నేహితులం కలిసి మూడేళ్ల క్రితం స్టూడియో పెట్టాం. చేతినిండా పని ఉంది, అయినా నెలాఖరుకు డబ్బుకు వెతుక్కోవలసి వస్తోంది. క్లయింట్లతో మాట్లాడడానికి ఇంకొక మనిషిని తీసుకుంటే పని ఇంకా పెరుగుతుందని ఒకరి అభిప్రాయం. ఏమి చేయమంటారు?

జవాబు: పని నిండా ఉండి డబ్బు లేదంటే, మీకు కావలసింది ఇంకా పని కాదు. ముందు ఒక లెక్క వేసుకుందాం. ఏడాదికి 52 వారాలు. సెలవులు, జబ్బులు, పండుగలు కలిపి ఆరు వారాలు తీసేస్తే 46 మిగులుతాయి. వారానికి 40 గంటల చొప్పున ఒక మనిషికి 1,840 గంటలు. మీరు బహుశా ధర కట్టేటప్పుడు ఈ అంకెనే మనసులో పెట్టుకుని ఉంటారు. అయితే కొత్త క్లయింటుతో మాట్లాడిన గంటలు, కొటేషన్ రాసిన గంటలు, బిల్లు కోసం గుర్తుచేసిన గంటలు, పాడైన కంప్యూటర్ ముందు కూర్చున్న గంటలు ఏ క్లయింటు బిల్లులోకీ ఎక్కవు. చిన్న స్టూడియోలో నూటికి అరవై గంటలు బిల్లుకెక్కితే అది మంచి క్రమశిక్షణే అని నా అనుభవం. అంటే ఒక్కొక్కరికి 1,104 గంటలు, ముగ్గురికీ కలిపి 3,300 చిల్లర. మీ ముగ్గురి జీతాలు, అద్దె, సాఫ్ట్‌వేర్ చందాలు, పన్నులు, కొంత పొదుపు అన్నీ కలిపిన ఏడాది ఖర్చును ఈ 3,300తో భాగించండి. వచ్చిన అంకె మీరు గంటకు తీసుకోవలసిన ధర. దాన్ని చూసి భయపడకండి, ఇన్నాళ్లూ మీరు ఏ అంకెకు తక్కువగా పనిచేశారో అది చెబుతుంది.

ఈ లెక్క పనిచేయాలంటే ప్రతి ఒక్కరూ ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో ఆ రోజే రాసిపెట్టాలి. మా స్టూడియోలో మొదట అందరూ దీన్ని నిఘా అనుకున్నారు. మూడు నెలల తరువాత ఆ పట్టిక చూస్తే, మాకు అత్యంత ప్రియమైన క్లయింటు పనికే ఒప్పుకున్నదానికి రెండు రెట్ల గంటలు పోతున్నాయని తేలింది. తప్పు వారిది కాదు, చిన్న చిన్న కోరికలకు 'అదెంత పని' అంటూ వచ్చిన మాది. ఆ పట్టిక చూపించి మాట్లాడితే వారు ధర పెంచడానికి ఒప్పుకున్నారు. పట్టిక లేకపోతే నేను ఆ మాట ఎత్తడానికి కూడా ధైర్యం చేసేవాణ్ని కాదు.

డబ్బు వచ్చే క్రమం కూడా డబ్బు మొత్తం అంత ముఖ్యమైనది. పని మొదలుపెట్టే ముందు సగం, డిజైన్ ఒప్పుకున్నప్పుడు పావు, చివరి ఫైళ్లు అప్పగించేటప్పుడు మిగిలిన పావు అని కాగితం మీద రాసుకోండి. హక్కులు ఎప్పుడు బదిలీ అవుతాయో, తెరిచి మార్చుకోగలిగే అసలు ఫైళ్లు ధరలో భాగమో కాదో కూడా అందులోనే ఉండాలి. అన్నీ అయిపోయాక ఈ మాట ఎత్తితే స్నేహం చెడుతుంది. ఏ ఒక్క క్లయింటు నుంచీ మీ రాబడిలో మూడో వంతుకు మించి రాకుండా చూసుకోండి, ఆ ఒక్కరు వెళ్లిపోయిన రోజు తట్టుకోవడం కష్టమవుతుంది. ముందుగా డిజైన్ చేసి చూపండి, నచ్చితే డబ్బిస్తాం అనేవారికి పాత పనులు చూపండి, కొత్త పని చేసి చూపకండి. అమెరికాలోని గ్రాఫిక్ డిజైనర్ల వృత్తిసంఘం ఏఐజీఏ కూడా డబ్బు హామీ లేని ఇటువంటి పనులు చేయవద్దనే చెబుతూ వచ్చింది.

ఇక కొత్త మనిషి సంగతి. 1972లో లండన్‌లో ఐదుగురు కలిసి పెంటాగ్రామ్ అనే డిజైన్ సంస్థను స్థాపించారు. అందులో గ్రాఫిక్ డిజైనర్లతో పాటు ఒక ఆర్కిటెక్టు, ఒక వస్తు డిజైనర్ ఉన్నారు. ఆ సంస్థ తరువాత ఎంతో పెరిగింది, అయినా డిజైన్ చేసే భాగస్వామే క్లయింటుతో నేరుగా మాట్లాడాలన్న పద్ధతిని వదులుకోలేదు. చిన్న స్టూడియోకు వచ్చే క్లయింటు కోరుకునేది కూడా అదే, పని చేసే మనిషి తన మాట వినాలని. మధ్యలో ఒక మనిషిని పెడితే మీకున్న ఆ ఒక్క బలాన్నీ జీతం ఇచ్చి పోగొట్టుకున్నవారవుతారు. మనిషిని తీసుకోవాలనే ఉంటే బిల్లులు, ఉత్తరాలు, తేదీలు చూసుకునేవారిని సగం పూటకు తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఒక డిజైన్ ఏజెన్సీలో చేరి రెండేళ్లైంది. వారంలో మూడు నాలుగు రోజులు అర్ధరాత్రి దాటాకే ఇంటికి వస్తాడు. అడిగితే 'మా పని అంతే నాన్నా' అంటాడు. నిజంగా అంతేనా?

జవాబు: అంతే కాదండి. ఏదో ఒక ప్రారంభోత్సవం ఉన్న వారంలో, ప్రెస్సులో మిషన్ మన కోసం ఖాళీ చేసి ఉంచిన రోజుకు ముందు, రాత్రి పని తప్పదు. నెలకు ఒకటి రెండు సార్లు అలా జరిగితే అర్థం చేసుకోవచ్చు. వారానికి మూడు నాలుగు రోజులంటే, ఆ సంస్థ చేయగలిగినదానికన్నా ఎక్కువ పనిని ఒప్పుకుంటోంది, ఆ లోటును మీ అబ్బాయి నిద్రతో పూడుస్తోంది. నేను స్టూడియో నడిపిన మొదటి ఏళ్లలో ఇదే తప్పు చేశాను, దానికి ఇప్పటికీ బాధపడతాను. రాత్రి పది దాటాక తీసుకున్న నిర్ణయాలను మర్నాడు ఉదయం కూర్చుని విప్పేసి మళ్లీ కట్టిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి.

ఒక్క మాట మాత్రం మీ అబ్బాయి పక్షాన చెప్పాలి. ఈ పనిలో ఉన్నవారికి ఆపడం చేతకాదు. అక్షరాల మధ్య ఎడం ఇంకొంచెం సర్దుదాం, ఆ రంగు ఇంకొకసారి చూద్దాం అనుకుంటూనే మూడు గంటలు గడిచిపోతాయి, అందులో ఆనందం కూడా ఉంటుంది. కాబట్టి ఆయన్ని కోప్పడకుండా, ఒక నెలపాటు ఆలస్యమైన ప్రతి రాత్రికీ కారణం ఒక్క వాక్యంలో రాసుకోమని చెప్పండి. 'క్లయింటు సాయంత్రం ఆరుకు మార్పులు పంపారు' అన్న వాక్యమే పదిసార్లు వస్తే, ఆ కాగితం పట్టుకుని పైవారితో మాట్లాడవచ్చు. సాయంత్రం నాలుగు దాటి వచ్చిన మార్పులు మర్నాటి పనిగా లెక్కవుతాయని క్లయింట్లకు ముందే చెప్పిన రోజు నుంచి మా దగ్గర రాత్రి పని బాగా తగ్గింది, క్లయింట్లు ఎవరూ వెళ్లిపోలేదు. మాట్లాడినా మారకపోతే, రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రవాడికి వేరే చోటు దొరుకుతుంది.

ప్రశ్న: కృత్రిమ మేధ సాధనాలతో చేసిన బొమ్మలను క్లయింటు పనిలో వాడవచ్చా?

జవాబు: ఆలోచనలు వెతుక్కునే దశలో వాడుకోండి, క్లయింటుకు తెలియకుండా చివరి పనిలో మాత్రం పెట్టకండి. మనిషి సృజన లేకుండా యంత్రమే తయారుచేసినదానికి కాపీరైట్ నమోదు చేయబోమని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023లో స్పష్టంగా చెప్పింది. మీరు లోగో పేరుతో అమ్మేది ఇంకెవరూ వాడుకోకూడని ఒక గుర్తును. ఆ హక్కే నిలబడుతుందో లేదో తెలియని వస్తువును అమ్మడం న్యాయం కాదు.

ప్రశ్న: తెర మీద మెరిసిపోయే నారింజ రంగు అచ్చయ్యాక ఇటుక రంగులోకి మారిపోయింది. క్లయింటు మమ్మల్ని, మేము ప్రెస్సును తప్పుపడుతున్నాం. తప్పు ఎవరిది? ప్రెస్సుకు పంపే ముందు ఏమేమి చూసుకోవాలి?

జవాబు: తప్పు బహుశా ప్రెస్సుది కాదు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి రంగు చూపుతుంది. అచ్చుయంత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో అదే రంగును తెప్పించాలి. వెలిగే నారింజ, చిలకపచ్చ, ముదురు నీలం వంటివి ఆ నాలుగు సిరాలకూ అందవు. పని మొదట్లోనే ఫైలును ఈ నాలుగు రంగుల పద్ధతిలోకి మార్చి ఉంటే, ఆ ఇటుక రంగు మీకు తెర మీదే కొంతవరకు కనిపించేది. ఆ నారింజే సంస్థకు ప్రాణం అనుకుంటే, 1963లో వచ్చిన పాంటోన్ పద్ధతిలో ఆ రంగును ముందే కలిపిన ప్రత్యేక సిరాతో ఐదో రంగుగా వేయించాలి. ఖర్చు పెరుగుతుంది కనుక బ్రీఫ్ దశలోనే చెప్పాలి. కాగితం కూడా చూసుకోండి, పూత లేని కాగితం సిరాను పీల్చుకుని రంగును ఇంకా మందగింపజేస్తుంది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. అంచు దాకా రంగు ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ ఇవ్వండి, అంటే రంగును కోత గీత దాటి అంత దూరం బయటికి పొడిగించండి, లేకపోతే కటింగ్‌లో తెల్లగీత మిగులుతుంది. ఫోటోలు వాడే సైజులో అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. అంటే 210 × 297 మిల్లీమీటర్ల ఏ4 పేజీ నిండా వచ్చే ఫోటోకు సుమారు 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. చిన్న అక్షరాలను ఒక్క నలుపు సిరాతోనే వేయండి, నాలుగు సిరాలూ కలిపి వేస్తే వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున రంగు నీడ పడుతుంది. తెలుగు అక్షరాలను తప్పకుండా అవుట్‌లైన్‌లోకి, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చి పంపండి, ప్రెస్సు కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన వచ్చి కూర్చుంటాయి.

ఇవన్నీ సరిచూసుకుని కూడా నేను ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను. ఐదు వేల కరపత్రాలు అచ్చయి, కట్టలు కట్టి క్లయింటు దగ్గరకు చేరాక, ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలు తారుమారయ్యాయని తెలిసింది. అచ్చుకు ముందు వచ్చిన ప్రూఫును నలుగురం చూశాం, నలుగురం మాటలే చదివాం, అంకెలను ఎవరూ చదవలేదు. ఖర్చంతా మేమే భరించి మళ్లీ అచ్చువేయించి ఇచ్చాం. ఆనాటి నుంచి ప్రూఫు మీద సంతకం పెట్టే ముందు, కాగితం మీద అచ్చయిన నంబరును చూస్తూ ఫోను చేసి, అవతల ఎవరు ఎత్తారో అడిగి తెలుసుకుంటాం. వెబ్ చిరునామా ఉంటే కాగితం చూస్తూ ఒక్కొక్క అక్షరం టైపు చేసి తెరిచి చూస్తాం, క్యూఆర్ గుర్తు ఉంటే ప్రింటు తీసిన కాగితం మీదే స్కాన్ చేస్తాం. ఈ పని ఆ డిజైన్ చేసిన మనిషి చేయకూడదు, అంతకుముందు దాన్ని చూడనివారు ఎవరైనా చేయాలి.